పెన్ డ్రైవులో మోసుకొచ్చిన రోగం

తెలంగాణ రావడానికి రెండు మూడేండ్ల ముందు సంగతి. గోదావరిఖనిలో ఒక వృద్ధుల ఆశ్రమంలో నేను ఆఫీసు పని చూసేటోణ్ని. అక్కడున్నోళ్లు ఎక్కువమంది బొగ్గుబాయిల్లో పనిచేసి రిటైరైనోళ్లు, లేదంటే వాళ్ల భార్యలు. నాది ఆర్నెల్ల కంప్యూటర్ కోర్సు. కానీ ఆ ఆశ్రమంలో మౌస్ పట్టుకోవడం తెలిసింది నాకొక్కడికే కాబట్టి, నన్ను నేను ఇంజనీరు కిందనే లెక్కేసుకునేటోణ్ని.

ఎవరో దయగల మనిషి ఆశ్రమానికి పాత కంప్యూటర్ ఇచ్చిండు. వారం తిరగకముందే మందుల నోటుబుక్కులో ఉన్నదంతా దాంట్లోకి ఎక్కించిన. ఎవరికి ఏ గోలీ, ఏ పూట, ఏ డాక్టరు, ఆపదొస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలె, అన్నీ. ఇక నోటుబుక్కుతో పనేముందని వంటింట్లో ఇచ్చేస్తే, వంటామె కాగితాలు చింపి డబ్బాల కింద పరుచుకున్నది.

ముసలోళ్లకు గోలీలిచ్చే మా ఆయమ్మకు చదువు రాదు. ఒక్కో మంచం తలాపున ఒక చిన్న గుడ్డసంచి కట్టేది. ఆ మనిషి వాడే గోలీల పట్టీ ముక్కలు అందులో ఉండేవి. పొద్దటివి ఎర్రదారంతో, రాత్రివి నల్లదారంతో ముడేసేది. చూడ్డానికి బాగలేదని అవన్నీ తీసెయ్యమన్న. ఒక లిస్టు ప్రింటు తీసి గోడకు అంటించిన. చదువురాని మనిషికి లిస్టు అంటించి, పని శుభ్రంగా చేసిన్ననుకున్న. ఆమె సంచులు విప్పుకుని పోయింది.

కంప్యూటర్‌కు పాస్‌వర్డ్ కూడా పెట్టిన. రెండు రోజులకే మర్చిపోయి, చిన్న చీటీ మీద రాసి తెరకే అంటించుకున్న. బాయిలో సర్దారుగా చేసిన తాత ఒకాయన రోజూ నా గదిలో కూర్చుని పేపర్ చదివేటోడు. షిఫ్టు మొదలయ్యే ముందు లోపల గ్యాసు ఉందా, పైకప్పు గట్టిగుందా అని చూసి కూలీలను పనికి పంపడం అప్పట్ల ఆయన పని. నేను చీటీ కోసం కండ్లద్దాలు వెతుక్కుంటుంటే, పేపర్ మీది నుంచి చూపు తియ్యకుండానే పాస్‌వర్డ్ మొత్తం అప్పజెప్పేటోడు.

అట్లాంటి నన్ను మంచిర్యాలలో ఒక్కరోజు క్లాసుకు పంపిన్రు. ముసలోళ్లను, వికలాంగులను, అనాథ పిల్లలను చూసుకునే సంస్థలోళ్లకు ఆ క్లాసు. కంప్యూటర్లో ఉన్న మనుషుల వివరాలు ఎట్ల కాపాడుకోవాలె, పోతే ఏం చెయ్యాలె అన్నది విషయం. నేను గంట ముందే పోయి, బస్టాండు పక్కన నెట్ సెంటర్లో కూర్చుని కొత్త పెన్ డ్రైవులో పాటలు ఎక్కించుకున్న. క్లాసులో మొదటి వరుసలో కూర్చున్న. పాస్‌వర్డ్ కాగితం మీద రాసుకునేటోళ్లు ఎవరన్నా ఉన్నరా అని సారు అడిగితే, చెయ్యెత్తే అమాయకులు ఎవరా అని వెనక్కి తిరిగి చూసిన.

సాయంత్రం సారు తన పాఠమంతా నా పెన్ డ్రైవులో వేసి ఇచ్చిండు. నస్పూర్‌లో బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల బడి నడిపే టీచరమ్మ తనకూ కావాలన్నది. ఆమె దగ్గర పెన్ డ్రైవు లేదు. మా బస్సు పోయేది ఆ దారినే గనక నస్పూర్‌లో దిగి, బడికి పోయి, ఆమె కంప్యూటర్లో నా చేతులతోనే ఎక్కించి వచ్చిన. చాయ్ తాగుకుంట, జాగ్రత్తలు మళ్లొకసారి వివరంగా చెప్పిన కూడా.

గోదావరిఖని చేరి మా కంప్యూటర్‌కూ అదే పెన్ డ్రైవు పెట్టిన. తెల్లారి చూస్తే ఒక్క ఫైలు తెరుచుకోలేదు. పేర్లున్నై, పక్కన చిన్న బాణం గుర్తున్నది, లోపల ఏమీ లేదు. ఆపిన, మళ్లీ వేసిన, రెండు దెబ్బలు కూడా వేసిన. అప్పటికే పొద్దటి మందుల టైం దాటింది. గోడ మీది లిస్టు రెండు నెలల పాతది. ఫిట్స్ ఉన్న ఒక తాతకు నాలుగు రోజుల కింద డాక్టరు గోలీ మార్చిన సంగతి నేను కంప్యూటర్లోనే రాసిన, ఏది మార్చిండో యాదికి లేదు. అయినా తెలియదని చెప్పడానికి నామోషీ అనిపించి, లిస్టులో ఉన్నట్టు రెండు గోలీలు ఇయ్యమన్న.

ఆయమ్మ నా చెయ్యి పట్టుకున్నది. "ఆగు సారూ. గా గోలీ బందైంది. ఇప్పుడు కొత్తది, సగమే ఇయ్యాలె," అన్నది.

తాత తలాపున మెత్త కిందికి చెయ్యి పెట్టి గుడ్డసంచి తీసింది. కొత్త పట్టీ ముక్కలో గోలీలను సగానికి విరిచిన గుర్తు కూడా ఉంది. నేను చూస్తే కోపానికి వస్తనని సంచులన్నీ మెత్తల కిందికి మార్చిందట. డాక్టరు నంబరు కూడా కంప్యూటర్లోనే ఇరుక్కుంది గనక, ఆటోలో దవాఖానకు పోయి అడిగిన. ఆయమ్మ చెప్పిందే నిజం. పాతది ఆపెయ్యమని నాలుగు రోజుల కిందనే మీకు చెప్పలేదా అని డాక్టరు అడిగితే, చెప్పిన్రు సార్ అన్న. 

లక్ష్మీనగర్ నుంచి వచ్చిన మెకానిక్ అరగంటలో ఫైలన్నీ బయటికి తీసిండు. పోలేదు, వైరస్ వాటిని దాచిపెట్టిందట. అది నా పాటలతోనే వచ్చిందని ఆయన చెప్పంగనే తలుపు దగ్గరికేసిన. బయట అందరికీ మాత్రం కరెంటు పోయి వచ్చుడుతోని ఖరాబైందని చెప్పిన. కరెంటు కోతల రోజులు, ఎవరూ అనుమానపడలేదు.

నస్పూర్ సంగతి అప్పుడే యాదికొచ్చింది. ఫోన్ చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేసిన. ఆమె ఇంకా కంప్యూటర్ తెరవలేదేమో, తెరిచినా ఏమీ కాలేదేమో, అయినా నాది అని ఎట్ల తెలుస్తది అనుకుంట రెండు రోజులు గడిపిన. అన్నం సయించలేదు. మూడో రోజు సర్దారు తాత పేపర్ మడిచి పక్కన పెట్టి, ఏమైందని అడిగిండు. మొత్తం చెప్పిన.

ఆయన ఫోన్ నా ముందుకు జరిపిండు. "బాయిల పొగ వాసన పసిగట్టినోడు ఎవ్వరికీ చెప్పకుండ పైకొస్తే, ఇంకెన్నడూ వాని పక్కన ఎవడూ డ్యూటీ చెయ్యడు. పాటలు ఎక్కించుకునుడు తప్పు కాదు బిడ్డా. రెండు దినాలు నోరు మూసుకున్నవు సూడు, గదీ తప్పు."

ఆయన ముందే ఫోన్ చేసిన. టీచరమ్మ గొంతు నెమ్మదిగా ఉంది. మొదటి రోజే ఫైళ్లు మాయమైనయట. తానే ఏదో తప్పు నొక్కిన్నేమోనని భయపడి ఆమె కూడా ఎవరికీ చెప్పలేదు. నిన్న సాయంత్రం ఎవరో చెబితే కంప్యూటర్ మొత్తం తుడిపించి, మళ్లీ కొత్తగా వేయించిందట. ఏడాది ఫోటోలు, పిల్లల వివరాలు పోయినై. అది నా నుంచే వచ్చిందని, నేను మొన్ననే చెప్పి ఉంటే దక్కేవని చెప్పిన. ఆమె తిట్టి ఉంటే బాగుండు. "ఇప్పుడు చెప్పిన్రు గదా. ఆదివారం వస్తరా, నేను చెప్తుంటె మీరు టైపు కొట్టాలె," అన్నది.

ఆ మధ్యాహ్నం బువ్వ దగ్గర మా ఆశ్రమంలోళ్లకు కూడా, కరెంటు కాదు, నా పాటలతో వచ్చిన వైరస్ అని నిజం చెప్పిన. ఒక అవ్వ, ఆ రోగం తమకు అంటుతదా అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే, అంటేటోనికి అంటింది తియ్యి, నువ్వు బువ్వ తిను అన్నడు సర్దారు తాత. ఆయమ్మ నవ్వు కనబడకుండ పప్పు వడ్డించుకుంట అటు తిరిగింది.

మూడు ఆదివారాలు నస్పూర్ పోయిన. టీచరమ్మ ఒక్కో బిడ్డను యాదికి తెచ్చుకుని చెప్పేది. అనుమానం వస్తే తల్లిదండ్రులకు ఫోన్ చేసేది. నేను కొట్టేటోణ్ని. అప్పటిదాకా వివరాలంటే నాకు పేరు, వయసు, అడ్రసు. ఆమె చెప్పేవి వేరు. ఒక పిల్ల ఉరుము వింటే బల్ల కిందికి పోతది, బయటికి గుంజొద్దు, పక్కన కూసోవాలె. ఇంకొకడు నొప్పైతే ఏడవడు, ఊరికే పాట పాడుతడు, పాడితే ఒళ్లంతా చూడాలె. ఇవి పోయినందుకే ఆమె రెండు రోజులు నిద్రపోలేదని అప్పుడు అర్థమైంది. ప్రతి పేజీ రెండు కాపీలు తీసినం. ఒకటి ఫైలులో పెట్టి బీరువాలో, ఒకటి సీడీలో వేసి ఆమె ఇంట్లో.

మూడో ఆదివారం పనైపోయిందని లేవబోతుంటే, ఆమె కాగితాలు తిరగేసి ఒక దగ్గర ఆగింది. గుడ్డు తింటే ఒళ్లు దద్దుర్లెక్కే బిడ్డకు రోజూ గుడ్డు పెట్టాలె అని కొట్టిన నేను. ఆమె కోపం చెయ్యలేదు. కుర్చీ మళ్లీ నా దిక్కు జరిపి, మొదటి పేజీ నుంచి గట్టిగ చదువుమన్నది. కూర్చుని చదివిన.