నాన్న మెడలోని పెట్టె

మా వీధిలో ఎవరి ఫోన్ మొరాయించినా నా దగ్గరికే వస్తారు. జూనియర్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను కాబట్టి నాకు అన్నీ తెలుసని వాళ్ల నమ్మకం. కాదని నేనెప్పుడూ అనలేదు. అనకపోగా, వచ్చినవాళ్లకు నాలుగు చివాట్లు కూడా పెట్టి పంపేదాన్ని. "ఇంత చిన్న సంగతి తెలియదా పిన్నీ" అనడంలో ఒక రుచి ఉంటుంది. ఆ రుచి మరిగి మా నాన్నకు ఏం చేశానో ఇన్నాళ్లూ వీధిలో ఎవరికీ చెప్పలేదు.

నాన్న మాచర్ల దగ్గర నాపరాయి క్వారీల్లో ముప్ఫై ఏళ్లు డ్రిల్లింగ్ మిషన్ పట్టాడు. చెవుల్లో దూది పెట్టుకుంటే తోటివాళ్లు ఎగతాళి చేసేవాళ్లట. పని మానేసే నాటికి రెండు చెవులూ పోయాయి. అమ్మ పోయాక నరసరావుపేటలో మా ఇంట్లోనే ఉంటున్నాడు. చెవి మిషన్లు పెట్టుకుంటే ఎదురుగా కూర్చుని నిదానంగా మాట్లాడే మనిషి మాట అందుతుంది. ఫోన్లో మాట మాత్రం అందదు. ఫోన్ చెవికి ఆనిస్తే మిషన్ కుయ్యిమంటుంది.

అందుకని ఎనిమిదేళ్ల కిందట చెవి డాక్టరు గారు మిషన్లతో పాటు ఒక చిన్న నల్ల పెట్టె కూడా ఇప్పించారు. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. తాడుతో మెడలో వేసుకోవాలి. ఫోన్లో మాటను అది బ్లూటూత్‌తో అందుకుని తిన్నగా చెవి మిషన్లలోకి పంపుతుంది. నాన్న దాన్ని తాయెత్తు అనేవాడు. స్నానానికి తప్ప తీసేవాడు కాదు.

నిజానికి ఆ తాయెత్తు ఉన్నది ఒక్క మనిషి కోసం. మా మేనత్త. నాన్నకు ఊహ తెలియకముందే మా నానమ్మ పోతే, పదేళ్ల అత్తే ఆయన్ని చంకనేసుకుని పెంచింది. తర్వాత కృష్ణ అవతలికి, మిర్యాలగూడ వైపు ఒక ఊరికి కాపురానికి వెళ్లిపోయింది. రోజూ పదకొండు గంటలకు, ఇంటి పనులయ్యాక, తన బటన్ల ఫోన్ నుంచి తమ్ముడికి ఫోన్ చేసేది. పెద్ద విశేషాలేమీ ఉండవు. ఏం తిన్నావు, మోకాళ్లు ఎలా ఉన్నాయి, మీ దగ్గర వాన పడిందా. ఆ పది నిమిషాలు నాన్న ముఖం చూస్తే డెబ్బై ఏళ్ల మనిషని ఎవరూ అనుకోరు.

పోయిన ఎండాకాలం నాన్న ఫోన్ బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచిపోయింది. "మూతకి రబ్బరు బ్యాండేస్తే నడుస్తది గదా, ఎందుకే" అన్నాడు నాన్న. పేలితే ఎవరిది బాధ్యత అని కసిరి కొత్తది తెచ్చాను. పాతదాన్ని షాపులోనే ఇచ్చేసి వచ్చాను. తెర ఎంత పెద్దదో, అక్షరాలు ఎంత లావుగా కనిపిస్తాయో చూపించి మురిసిపోయాను.

ఆ సాయంత్రం పెట్టెను కొత్త ఫోన్‌కు కలపబోతే కలవలేదు. ఫోన్లో వెతికితే పక్కింటి టీవీ కనిపించింది, మేడ మీద ఎవరిదో స్పీకర్ కనిపించింది, నాన్న మెడలో ఉన్నది మాత్రం కనిపించలేదు. పెట్టె మీదున్న ఒకే ఒక్క బటన్ నొక్కాను. లైటు నీలంగా మెరిసి ఆరిపోయింది. మళ్లీ నొక్కాను. కాలేజీ ట్యాబ్ తెచ్చి దానితోనూ ప్రయత్నించాను. వీడియోలు చూశాను. నాలుగు రోజులు అదే పని. నాన్న కదలకుండా నా ఎదురుగా కూర్చునేవాడు, గుండు గీయించుకునే పిల్లాడిలా.

అయిదో రోజు తీర్పు చెప్పేశాను. "ఇది పాతకాలం సరుకు నాన్నా. ఇప్పటి ఫోన్లు దీన్ని లెక్క చేయవు."

"చెవి మిషన్ల షాపులో ఒకసారి అడుగుదామా అమ్మా?"

"వాళ్లు కొత్తది అంటగడతారు. నాకు తెలియంది వాళ్లకేం తెలుసు?"

ఆ షాపు మా ఇంటికి పది నిమిషాల నడక.

మొదట్లో అత్త ఫోన్ చేసినప్పుడు నేను ఇంట్లో ఉంటే, స్పీకర్ పెట్టి ఆమె మాటల్ని నాన్న ఎదురుగా కూర్చుని తిరిగి చెప్పేదాన్ని. అలా రెండు మూడుసార్లు జరిగాక నాన్న విసుక్కున్నాడు. "నీ నోట్లోంచి వింటే మా అక్క మాట లాగా ఉండదే. నాకు స్పీకర్‌లో వినపడతందిలే. నువ్వు పో కాలేజీకి."

నేను హాయిగా నమ్మాను. ఒక సెలవు రోజు వంటింట్లోంచి చూశాను. ఫోన్ బల్ల మీదుంది. అత్త గొంతు గది అంతా వినిపిస్తోంది, మాటలు నాకు తెలియడం లేదు, మిక్సీ మోగుతోంది. నాన్న తెర మీదికి వంగి, పెరుగుతున్న సెకన్ల అంకెలనే చూస్తున్నాడు. కాసేపటికోసారి "ఆఁ అక్కా" అంటున్నాడు. మరి కాసేపటికి "అట్టాగేలే అక్కా" అంటున్నాడు. నాకు అప్పుడే అర్థమై ఉండాల్సింది అని రాస్తే అబద్ధం అవుతుంది. అర్థమైంది. మిక్సీ ఆపి, వెళ్లి పక్కన కూర్చోలేదు, అంతే. మర్నాటి నుంచి సప్లిమెంటరీ ప్రాక్టికల్స్, నా గోల నాది.

శ్రావణంలో ఒక పొద్దున అత్త కొడుకు, మా బావ, నాకు ఫోన్ చేశాడు. "అమ్మ పోయింది" అన్నాడు. ఇంకో మాట అనకుండా పెట్టేశాడు. నేను నాన్న ఎదురుగా కూర్చుని, చేతులు పట్టుకుని చెప్పాను. ఆయన నమ్మలేదు.

"నిన్న గూడా మాట్టాడింది గదే. బానే ఉంది."

కృష్ణ మీద పొందుగల వంతెన దాటేదాకా బస్సులో ఆ మాటే అంటూ వచ్చాడు. అక్కడికి వెళ్లాక తెలిసింది, అత్త కడుపులో గడ్డతో రెండు నెలలుగా మంచం మీదే ఉందని. చూస్తే చెయ్యెత్తు మనిషి ఇంతయిపోయింది. ఆమెను వరండాలో, రోడ్డు కనిపించేలా వేసిన మంచం మీదనుంచే దించారట. నాన్న ఆమె కాళ్ల దగ్గర కూలబడి పెద్దగా ఏడ్చాడు. అక్కడున్న ఆడవాళ్లలో ఒకామె "ఇప్పుడొచ్చిండు" అంది. నాన్నకు వినపడలేదు. బావ మా వైపు చూడలేదు. తల్లి పోయిన దుఃఖంలో ఉన్నాడులే అనుకున్నాను.

దినాలయ్యాక, ఒక మిషన్‌లో మాట సరిగా రావడం లేదని నాన్న అంటే చెవి మిషన్ల షాపుకు తీసుకెళ్లాను. అక్కడి అమ్మాయి మిషన్ శుభ్రం చేస్తూ, నాన్న చొక్కాలోంచి కనిపిస్తున్న తాడు చూసి పెట్టెను బయటికి లాగింది. దానికి నిండా ఛార్జింగ్ ఉంది. కలవదని తెలిసినా నాన్న రోజూ ఛార్జింగ్ పెడుతూనే ఉన్నాడు.

"ఇది వాడట్లేదా అంకుల్?"

"కొత్త ఫోన్లకి కలవదండీ, పాతది" అన్నాను నేను, నిపుణురాలిలా.

ఆ అమ్మాయి నాతో వాదించలేదు. బటన్ మీద వేలు పెట్టి నొక్కి, అలాగే పట్టుకుంది. నేనెప్పుడూ మూడు సెకన్లకు మించి పట్టుకోలేదు. తను పది దాకా పట్టుకుంది. లైటు ఎరుపు, నీలం మార్చి మార్చి కొట్టుకోసాగింది. పెట్టె ఇంకా పాత ఫోన్ కోసమే చూస్తూ ఉందట. దాన్ని మరిచిపొమ్మని చెబితే గానీ ఇంకో ఫోన్‌కు కనిపించదట. ఫోన్ అడిగితే ఇచ్చాను. తెర మీద పెట్టె పేరు వచ్చింది. కోడ్ అడిగితే నాలుగు సున్నాలు కొట్టింది. కలిసింది.

"ఎవరికైనా ఫోన్ చేసి చూడండి అంకుల్" అంది.

నాన్నకు చేయడానికి ఉన్నది ఒకే నంబరు, అత్తది. అలవాటుగా వేలు దాని మీదికే పోయింది. అవతల బావ ఎత్తినట్టున్నాడు. "ఒరేయ్ అల్లుడూ, నేనురా, వినపడతందిరా, చానా బాగా వినపడతంది" అని నాన్న కేక పెట్టాడు. అవతలి మాట ఆయన చెవుల్లోకి తప్ప బయటికి రాదు కాబట్టి నేను ఆయన ముఖాన్నే చూస్తున్నాను. అది చూస్తుండగానే పాలిపోయింది. చాలాసేపు విన్నాడు. చివరికి, "పని బడిందిరా. రాలేకపొయ్యా. తప్పైపోయింది" అన్నాడు.

షాపు మెట్ల మీద కూర్చోబెట్టి ఏమైందని అడిగాను. నిదానంగా చెప్పాడు. అత్త తన జబ్బు సంగతి మొదట తమ్ముడికే చెప్పిందట, ఫోన్లో. ఒకసారి వచ్చి పొమ్మని అడిగిందట. అట్టాగే అక్కా అన్నాడట నాన్న. ఆదివారం వస్తావా అంటే దానికీ అట్టాగే అన్నాడట. ఆమె మంచం వరండాలోకి మార్పించుకుంది. మూడు ఆదివారాలు మిర్యాలగూడ బస్సు వచ్చిన ప్రతిసారీ తల ఎత్తించుకుని చూసిందట. బావ నాకు ఫోన్ చేస్తానంటే వద్దందట. నా తమ్ముడు వస్తనన్నడు, వస్తడు అందట.

"వినపడలేదని చెప్పకపోయావా నాన్నా?"

"చెబితే? ఫోను ఎవరు మార్చారంటారు. నిన్నంటారు. నన్ననుకోనీలే."

మర్నాడు పొద్దున్నే బావకు నేనే ఫోన్ చేశాను. తప్పు నాదని, నాన్నకు ఆ రెండు నెలలు ఒక్క ముక్క కూడా వినపడలేదని, పెట్టె కలవకపోతే నేనే పట్టించుకోలేదని ఏడుస్తూ చెప్పాను. బావ చివరిదాకా విన్నాడు.

"నిన్న నాతోని మాట్లాడిండు గద" అన్నాడు. "నేనన్న ప్రతి మాట మంచిగ ఇన్నడు. దేనికి దానికి జవాబు చెప్పిండు. మా అమ్మ మాటలే ఇనపడలేదా?"

బటన్ గురించి, పది సెకన్ల గురించి చెప్పడం మొదలుపెట్టాను. నా చెవులకే అది సాకులా వినిపించింది. బావ ఫోన్ పెట్టేశాడు. ఆయన స్థానంలో ఉంటే నేనూ నమ్మేదాన్ని కాదు.