పెద్దమ్మ చల్లిన అవిసె గింజలు

మొన్న రాజమండ్రిలో డాక్టరుగారు నా రక్తపరీక్ష చూసి, కొలెస్ట్రాల్ తగ్గడానికి రోజూ పొద్దున్నే చెంచాడు అవిసె గింజలు నమలమన్నారు. కొట్లో అడిగితే గోధుమరంగులో మెరిసే గింజల ప్యాకెట్ చేతిలో పెట్టారు. మా పెద్దమ్మ గుర్తొచ్చింది. బాధ కలగాలి కదా అని కాసేపు అక్కడే నిలబడ్డాను. ఏమీ కలగలేదు. ప్యాకెట్ సంచిలో వేసుకుని ఇంటికొచ్చేశాను.

పెద్దమ్మది తణుకు దగ్గర ఒక ఊరు. పెదనాన్న పోయినప్పుడు ఆవిడ ఏడవలేదు. మర్నాడు తెల్లారేసరికి ఆయన కర్ర పట్టుకుని ఆయన గొర్రెల్ని మేతకి తోలుకుపోయింది. "అదేంటక్కా, మైల కదా" అని మా అమ్మ అంటే, "గొర్రెలకి మైలేంటే, వాటికి ఆకలేగా" అంది. ఆ తర్వాత ఆవిడతో ఎవరైనా మాట కలపాలంటే గొర్రెల సంగతే ఎత్తాలి. తక్కినవి గోడకి చెప్పుకున్నట్టే. కానీ మేపడానికి నేలేదీ? చుట్టూ చేలన్నీ చేపల చెరువులైపోయాయి. గట్ల మీద గడ్డి కూడా సరిగ్గా మొలవదు. గొర్రెలకి డొక్కలు తేలాయి, వేసవిలోపు అమ్మెయ్యమని అందరూ పోరు పెట్టారు. అమ్మేస్తే ఆవిడ పొద్దున్నే దేనికోసం లేస్తుందని నాకు దిగులు. చివరికి పశువుల డాక్టరుగారు ఒక దారి చూపించారు. "పెరట్లో అవిసె వేసుకోండమ్మా, ఇట్టే ఎదుగుతుంది. ఆకు కోసి ఎండుగడ్డితో కలిపి పెడితే వేసవి గట్టెక్కుతాయండి" అన్నారు.

పెద్దమ్మకి అవిసె చెట్టు తెలియక కాదు. మా వైపు తమలపాకు తోటల్లో తీగ పాకేది దాని మీదే. కానీ ఆ గింజ ఎలా ఉంటుందో తోటలవాళ్లు తప్ప చూసినవాళ్లెవరు? కిరాణా కొట్టుకెళ్లి అవిసె గింజలు అడిగింది. కొట్టాయన అడిగినవే ఇచ్చాడు. పెరడంతా చల్లి, బిందెలతో నీళ్లు మోసి పోసింది. మొలిచాయి. మోకాలెత్తు సన్నటి మొక్కలు, వాటికి చిన్న చిన్న నీలం పువ్వులు. అవిసె పువ్వు తెలుపు కదా పెద్దమ్మా అంటే, "ఇదేదో కొత్త రకంలేరా. ఈ రోజుల్లో అన్నీ హైబ్రిడ్లే" అంది. నేను నవ్వాను. చాలా కాలానికి ఆ ఇంట్లో వినిపించిన నవ్వు అది.

డాక్టరుగారు మళ్లీ వచ్చి చూసి, "అమ్మా, ఇవి నూనె గింజలండి, మేతకి పనికిరావు. నేను చెప్పింది చెట్టు అవిసె" అన్నారు మెల్లగా.

"రెంటికీ పేరు ఒకటే కదండి" అంది పెద్దమ్మ.

అప్పటికే ఎండలు ముదిరాయి. కొన్నాళ్లకి వ్యాన్ వచ్చింది. గొర్రెల్ని ఎక్కిస్తుంటే ఆవిడ దొడ్డి తలుపు పట్టుకుని నిలబడింది, పొరుగింటివాళ్ల సామాను ఎక్కిస్తున్నట్టు చూస్తూ. వ్యాన్ వెళ్లాక మంచం మీద కూర్చుని, "ఏడుపు రావట్లేదురా" అంది. నాకు భయమేసింది.

తొలకరికి డాక్టరుగారే చెట్టు అవిసె గింజలు పంపించారు. పెద్దమ్మ వాటినీ చల్లింది. చూస్తుండగానే అవి చూరు దాటి తెల్లటి పువ్వులు పూశాయి. ఆవిడ ఉన్నన్నాళ్లూ పొద్దున్నే ఒక కొమ్మ విరిచి ఖాళీ దొడ్లో వేసేది, సాయంత్రం వాడిపోయిన ఆకు ఊడ్చేసేది. కాలం కూడా ఆ కొట్టాయన లాంటిదే. ముందు అడిగిన పేరుగలది ఇస్తుంది, అసలుది ఇచ్చేసరికి తినేవాళ్లుండరు.