ఎనిమిదో తరగతి బస్సు

ఆ రోజుల్లో నాకు పాముకన్నా ఎనిమిదో తరగతి అంటేనే ఎక్కువ భయం. మాది సీతారామపురం వైపు ఒక పల్లె. ఏ బడికీ సరైన బస్సు లేక మొదటి నుంచీ నాయనే నన్ను ఇంట్లో చదివించారు. అందుకని తరగతి గదిలో నేను మొదటిసారి అడుగుపెట్టింది పంతులమ్మగానే. (తొలిరోజు కరస్పాండెంటుగారు లోపలికి రాగానే పిల్లలతో పాటు నేనూ చేతులు కట్టుకుని "గుడ్ మార్నింగ్ సార్" అని రాగం తీశాను.) అటువంటి నన్ను నమ్మి ఆత్మకూరులో ఒక బడి ఎనిమిదో తరగతి ఇంగ్లీషు అప్పగించిందంటే దేవుడి దయే. ఇప్పటికీ తలచుకుని దండం పెట్టుకుంటాను.

నాయన నాకు ఇంగ్లీషును ముక్కలు చేసి చెప్పలేదు. వంట గురించి అనుకుంటే వారమంతా వంటే. వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం అన్నీ దాని చుట్టూనే. నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే గనక 'ప్రయాణం' పాఠానికి బెంచీలు వరసగా జరిపి బస్సు చేసేశాను. నేను ప్రకటన చదివితే వరండాలో ఉన్న పిల్లలు విని, బోర్డు చదువుకుని ఎక్కాలి. ఇంగ్లీషులోనే మాట్లాడుకోవాలి. దిగాక ఆ ప్రయాణం గురించి రాయాలి. అంతా బాగానే ఆలోచించాను గాని, మా వైపు జనం బస్సు ఎలా ఎక్కుతారన్నది మరిచిపోయాను. ప్రకటన పూర్తికాకముందే కిటికీల్లోంచి చేతిరుమాళ్లు, సంచులు, ఒక ఎడమకాలి చెప్పు వచ్చి సీట్ల మీద పడ్డాయి. వాటి వెనకే కేకలు.

సరిగ్గా అప్పుడే కరస్పాండెంటుగారు గుమ్మంలో నిలబడ్డారు. ఊళ్లో టోకు సరుకుల కొట్టు, ఈ బడి రెండూ ఆయనవే. "ఈ వారంలో నీ క్లాసు చూస్తానమ్మా. గోల వినపడిందా, ఇంక నువ్వు రానక్కర్లా" అని ముందే చెప్పి ఉన్నారు. పెంచలకోన స్వామికి గబగబా ఒక మొక్కు మొక్కుకున్నాను. ఆయన గంభీరంగా వచ్చి ముందు బెంచీ మీద కూర్చున్నారు. వెంటనే రెండు జడల పిల్ల ఒకతె అడ్డం వచ్చింది.

"నో సార్! మై కర్చీఫ్ దేర్! మై గ్రాండ్‌మదర్ కమింగ్!"

"ఏంది పాపా, నేను కూర్చోనుండా గదా?"

"తెలుగు నాట్ అలౌడ్, సార్!"

ఆయన "ఐ..." అని మొదలుపెట్టి, భుజం మీది కండువా సర్దుకున్నారు. ఇంగ్లీషు మీడియం బడి పెట్టిన ఆ పెద్దమనిషికి ఇంగ్లీషు మాట్లాడటం రాదని నాకప్పుడే తెలిసింది. తెలిశాక ఇంకా భయమేసింది. పిల్లల ముందు ఆయన తలవంచుకుని పోతే నా ఉద్యోగాన్ని ఏ దేవుడు నిలబెడతాడు? ఆయన లేచి బయటికి నడిచారు. నేను కళ్లు మూసుకున్నాను.

"మై సీటు!"

ఆ కేకకు కళ్లు తెరిచి చూస్తే ఆయన వరండాలో, కిటికీ అవతల. ఆయన కండువా మాత్రం లోపల, వెనక బెంచీ మీద! పిల్లలు బెంచీలు దద్దరిల్లేలా చరిచారు. "కమ్ సార్, కమ్! బస్ గోయింగ్!" అని ఆ రెండు జడల పిల్లే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

గంట కొట్టేదాకా ఆయన దిగలేదు. వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగి గొంతు తగ్గించి అడిగారు.

"అమ్మా, రేపు బస్సు యాడికి పోతాది?"

ఇప్పుడు నా తరగతులు ఏ భయమూ లేకుండా సాగుతున్నాయి. అప్పుడప్పుడూ నాలోని ఆ పాత భయస్తురాలు గుర్తొచ్చి నవ్వుకుంటాను. పిచ్చిది, ఒక్క క్షణం కళ్లు తెరిచి ఉంటే ఆయన కండువా విసిరిన వైభోగం చూసి ఉండేది కదా!