చిలక తీసిన కార్డు

పదకొండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నట్టు పైకి తెలియనివ్వలేదు. ఆ నటన నాకు బాగా వచ్చు. మీకైనా చెప్పేస్తాను.

మాది మూడు తరాల క్రైస్తవ కుటుంబం. ఆ గొప్ప నాకు తలకెక్కింది. గన్‌ఫౌండ్రీలో మా ఆఫీసు అటెండరు యాదమ్మ జోస్యం అడగనిదే గడప దాటని మనిషి. నా మాట విని చర్చికి రావడం మొదలుపెట్టింది, జోస్యాలు మానేసింది. బాప్తిస్మానికి మూడు వారాలుంది. చిలక జోస్యం వాళ్లు కనబడితే చాలు, రోడ్డు దాటి అవతలి పక్కన నడిచేది. ఇంత పిరికి విశ్వాసమేమిటని నాకు నవ్వొచ్చేది.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఇద్దరం పాత పుస్తకాలు చూస్తున్నాం. పక్కనే చిలకతో ఒకాయన. సరదాకి కూర్చుని కార్డు తీయించుకున్నాను. నాకేదో రాజయోగమన్నాడు. పడీ పడీ నవ్వాను.

"నువ్వూ తీయించుకో యాదమ్మా."

"నాకొద్దు అక్కా. నీకంటే గిది ఆట. నేను గిండ్లకెల్లి శాన కష్టంగ బయటపడ్డ. మళ్ల పట్టుకుంటే ఇడిసిపెట్టలేను."

"చిలకకే భయపడితే ఏం విశ్వాసం నీది?"

నా మాట కాదనలేక కూర్చుంది. ఇంటి దేవతను మరిచావు, కూతురికి గండం ఉందన్నాడు. ఆమె ముఖం పాలిపోయింది. నేనప్పుడు కూడా నవ్వానా? నవ్వాను.

యాదమ్మ బాప్తిస్మానికి రాలేదు, మళ్లీ జోస్యాల దారే పట్టింది. పాస్టరు గారు అడిగితే ఏమన్నానో తెలుసా? "పాత అలవాట్లండీ, ఆమెది బలహీనమైన మనసు" అన్నాను. అంతటితో ఆగానా? స్త్రీల కూటంలో లేచి నిలబడి, ఆమె కోసం కన్నీళ్లతో ప్రార్థన నడిపించాను. ఛీ. తోసిందీ నేనే, జాలిపడిందీ నేనే. ఏది చేసినా నాకు చెల్లుతుందనుకున్నాను. పక్కమనిషి కోసం ఒక్క పూట సరదా మానుకోలేనిదానికి అదేం స్వేచ్ఛ? తన బలహీనత తెలిసిన మనిషి రోడ్డు దాటి వెళ్లేది. నాకు ఆపాటి బుద్ధి కూడా లేకపోయింది.

యాదమ్మ నా పేరు ఎవరికీ చెప్పలేదు. పోయిన నెల నాంపల్లి స్టేషన్ దగ్గర, జోస్యం చెప్పేవాడి ముందు కూర్చుని కూతురి కాన్పు గురించి అడుగుతూ కనిపించింది. నన్ను చూసి సిగ్గుపడి లేచింది.

"నేనే నిలబడలేకపోయిన అక్కా. నాకోసం జర ప్రార్థన చెయ్యి."

చేస్తానన్నాను. అప్పుడు కూడా నిజం చెప్పడానికి నోరు రాలేదు.

ఆమెను అక్కడ కూర్చోబెట్టింది నేను. ఈ ఒక్క మాట రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. రాశాక నాకు ఊపిరి కొంచెం ఆడుతోంది. యాదమ్మకు మాత్రం దీనివల్ల ఒరిగిందేమీ లేదు.