పప్పు పాతదా, కొత్తదా?

ఎనభైల నడుమ ఒక డిసెంబరు శుక్రవారం. పొద్దున అయిదింటికి ఖమ్మం బస్టాండులో నిలబడి ఉన్నాను. ఒక చేతిలో డజను ఉడికించిన గుడ్లున్న టిఫిను డబ్బా, ఇంకో చేతిలో జోగమ్మ చెయ్యి. నేను ఆడపిల్లల బడిలో డ్రిల్ టీచరుని. పిల్లల్ని పరుగెత్తించడం నా ఉద్యోగం. నా వంతు పరుగు మాత్రం ఎప్పుడో ఈలలోకి చేరిపోయింది.

జోగమ్మ మా హాస్టల్లో ఉండి తొమ్మిదో తరగతి చదువుతోంది. పదిహేను వందల మీటర్లలో మా జిల్లాలో దాని ముందు నిలిచే పిల్ల లేదు. అలాంటిది మొన్నటి ట్రయల్లో మూడో చుట్టులో మోకాళ్ళ మీద కూలబడిపోయింది. ఇంకో తొమ్మిది రోజుల్లో రాష్ట్ర జట్టుకి ఎంపిక. ఇద్దరినే తీసుకుంటారు. అక్కడా కూలబడితే కథ అయిపోయినట్టే.

కారణం నాకు తెలుసనుకున్నాను. చిన్నప్పుడు తను పెంచిన మేకపిల్లను పండక్కి కోశారట. అప్పటి నుంచి జోగమ్మ మాంసం, గుడ్డు ముట్టదు. బలానికి మాంసకృత్తులు కావాలి, ఆ మాటలోనే మాంసం ఉంది కదా, ఇంకేం ఆలోచించాలి? తల్లిదండ్రుల చేత చెప్పించి గుడ్డు తినిపిద్దామని బయల్దేరాను.

"జల్దీ ఎక్కున్రి, సీటు దొరకదు," అన్నాడు కండక్టరు. అయిదున్నరకు బస్సు కదిలింది. కొత్తగూడెంలో ఏడున్నరకు టీ. అక్కడ ఎక్కిన కాంపౌండరు ఒకాయన నా పక్కన కూర్చుని టిఫిను వాసన పట్టాడు.

"గుడ్లా మేడం?"

చెప్పాను, మొత్తం కథ. బస్సులో నా నోటికి బ్రేకు ఉండదు.

"గుడ్డు లేకపోతే మునిగేదేం లేదు మేడం. ఉరికే పిల్లకి మామూలు పిల్లకన్నా ఎక్కువే కావాలె, కాదనను. కానీ పప్పు, చిక్కుడు గింజలు, పల్లీలు దండిగ తిని, అన్నం మీద పెరుగేసుకుంటే సరిపోద్ది. పప్పు తింటదా?"

"హాస్టల్లో రోజూ పప్పే," అన్నాను గర్వంగా. జోగమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. పాల్వంచ అడవి అంత బాగుందా అనుకున్నాను.

తొమ్మిదింబావుకు గోదావరి వంతెన దాటి భద్రాచలంలో దిగాం. బస్టాండు ఎదురుగా ఇడ్లీలు వేడిగా ఉంటాయి, ఆ దారిన వెళ్ళేవాళ్ళు వదలకండి. జోగమ్మ చట్నీతో నాలుగు తిని, సాంబారు గిన్నెను మెల్లిగా నా వైపు జరిపింది. నా మీద ప్రేమ అనుకుని అదీ తాగేశాను. పదింటికి చర్ల బస్సు. పదకొండుంబావుకు అడవిలో మలుపు దగ్గర దిగి గంట నడక. పిల్ల ముందు, ఆయాసం మధ్యలో, నేను వెనక.

ఇల్లు చేరేసరికి చూరు కింద ఎండిన చిక్కుడుకాయల గుత్తులు, వాకిట్లో చాట నిండా కొత్త కందులు. తల్లి కూతురి దగ్గరికి వచ్చింది. జబ్బ పట్టుకుని చూసింది, వదిలింది. నేను డబ్బా మూత తీసి గుడ్ల మీద ఉపన్యాసం మొదలుపెట్టాను. తల్లి మధ్యలోనే వాళ్ళ కోయ మాటల్లో కూతుర్ని ఏదో అడిగింది. పిల్ల తల అడ్డంగా ఊపింది.

"ఏమడిగింది?" అన్నాను తండ్రిని.

"పప్పు తింటున్నవా అనడిగింది టీచరమ్మా. తింటలేనన్నది."

"రోజూ పెడుతున్నాంగా?"

జోగమ్మ నేల చూస్తూ అంది: "పండుగ నాటి నుంచి వంటమ్మను రోజూ అడిగిన టీచర్, ఈ పప్పు పాతదా కొత్తదా అని. కొత్తదే అన్నది. నేనింక కొత్త తినలే."

తండ్రి చెప్పాడు. కొత్త పంట ఏదైనా ముందు దేవరకు, పోయిన పెద్దలకు పెట్టాలి. తర్వాత ఇంటిల్లిపాదీ ఇంట్లోనే నోట పెట్టుకోవాలి. అప్పటిదాకా ఎక్కడున్నా అది ముట్టరు. ఊరంతా కూడి రోజు పెట్టుకుని చేసే ఆ కొత్తల పండుగ అయి మూడు వారాలైంది.

మూడు వారాలు. ఉత్త అన్నం, చారు. ఆ పిల్లను నేను పొద్దునా సాయంత్రం ఈల ఊదుతూ తిప్పాను.

"నాకు చెప్పాలి కదమ్మా," అన్నాను.

"చెప్పిన టీచర్. పండక్కి పోత అన్న. పతకం ముందా, పండుగ ముందా అన్నరు మీరు."

అన్నాను. ప్రాస బాగా కుదిరిందని స్టాఫు రూములో ఇంకోసారి కూడా అన్నాను. జనం మాటవరసకి పప్పులో కాలేస్తారు. నేను పిల్ల కంచంలోనే వేశాను.

తల్లి లోపలికెళ్ళి సొరకాయ బుర్ర తెచ్చింది. అందులో కూతురి వాటా చిక్కుడు గింజలు.

"ఈమె గూడ తినలే," అన్నాడు తండ్రి. "ఎంత చెప్పినా ఇనదు."

"బిడ్డ తినంది నేనెట్ల తింట," అంది తల్లి, నాకర్థం కావాలని తెలుగులో.

గింజలు, కందులు కలిపి ఉడికించారు. మూడింటికి తండ్రి టేకాకులో కాస్త పెద్దలకు పెట్టి, తర్వాత కూతురికి పెట్టాడు. జోగమ్మ తల ఎత్తకుండా మూడుసార్లు పెట్టించుకుంది. నా గుడ్లు పక్కింటి పిల్లలు తిన్నారు. ఎవరూ ఉపన్యాసం అడగలేదు.

శనివారం ఏడింటి బస్సుకు తిరుగు ప్రయాణం. ఒళ్ళో కందుల మూట, చిక్కుడు గింజల మూట. దారంతా జోగమ్మ వేయించిన గింజలు నములుతూనే ఉంది. నేను మాత్రం బస్సెక్కాక మొదటిసారి నోరు మూసుకుని కూర్చున్నాను.

రెండున్నరకు హాస్టల్ చేరగానే వంటింట్లోకి వెళ్ళి అడిగాను, పప్పు నిజంగా కొత్తదేనా అని. వంటమ్మ తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది.

"ఎవరితోనూ అనకండి టీచరమ్మా. పోయినేడుది. పిల్ల రోజూ అట్లా అడుగుతుంటే, పాతదంటే ఎక్కడ రిపోర్టు చేస్తుందోనని భయమేసింది."

పీట మీద కూలబడ్డాను. మూడో చుట్టులో జోగమ్మ పడినట్టే.

ఎంపిక రోజు జోగమ్మ పడలేదు. మూడో చుట్టు దాటింది, నాలుగోదీ పూర్తి చేసింది, మూడోదిగా వచ్చింది. తీసుకున్నది ఇద్దరినే. తొమ్మిది రోజుల పప్పు మూడు వారాల పస్తుని అంతవరకే పూడ్చగలిగింది. తువ్వాలు అందించాను.

"వచ్చే ఏడు పండక్కి పోయొచ్చి ఉరుకుత టీచర్," అంది ముఖం తుడుచుకుంటూ.

వచ్చే ఏటి పండుగకి సెలవు చీటీ అక్కడే, గ్రౌండులోనే రాసి సంతకం పెట్టాను. తేదీ ఖాళీగా వదిలాను. అది వాళ్ళ ఊరు రాసుకోవాల్సింది.