అమ్మ కన్ను, కారు ఆయిల్

ఆ వారమంతా నాకు కాలు నిలవలేదు. అమ్మకు ఒక కన్ను ఎప్పుడో పోయింది. ఉన్న ఒక్క కంటికీ పొర ముదిరిందనీ, ఇంక ఆలస్యం చేస్తే ఆపరేషన్ చేసినా లాభం ఉండదనీ బెంగళూరు డాక్టర్ చెప్పాడు. బస్సెక్కితే అమ్మకు వాంతులు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సెకండ్ హ్యాండ్‌లో కొన్న కారొకటి ఇంట్లో ఉంది కాబట్టి అందులోనే పోదామనుకున్నాం. పామిడి దగ్గర మా ఊరి నుంచి బెంగళూరంటే, మే నెల ఎండలో, ఆ ముసలి ఇంజన్‌కు మాటలు కాదు. ఆయిల్ మార్చందే కదలొద్దని మెకానిక్ గట్టిగా చెప్పాడు.

ఏ ఆయిల్? అక్కడే పడింది పీటముడి. పాత బండికి సగం సింథటిక్ కలిపిన ఆయిల్ చాలని మెకానిక్. ఎండలో దూరం పోయే బండికి పూర్తి సింథటికే పోయాలని అనంతపురంలో అంగడాయన. ఎటూ తేల్చుకోలేక రెండు డబ్బాలూ తెచ్చి నాయన ముందు పెట్టాను. తెలిసి తెలిసి ఆ పని ఎందుకు చేశానో!

నాయన జన్మంతా వేరుశనగ పండించినవాడు. గానుగ దగ్గర నూనెను ఎలా చూస్తాడో దీన్నీ అలాగే చూశాడు. వేలి మీద చుక్క వేసుకుని, బొటనవేలితో రుద్ది, వేళ్లు విడదీసి తీగ సాగుతుందేమోనని చూసి, వాసన పీల్చాడు.

"ఏమప్పా, ఇది నూనెనా నీళ్లా?" అన్నాడు సింథటిక్‌ను. రెండో డబ్బా చూపిస్తే, "కలిపిందంటివి కదా! కలిపినాక కల్తీ కాక ఇంకేమి?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "నాయనా, ఇది తాలింపుకు కాదు, ఇంజన్‌కు!" అని అరిచాను.

"ఇంజన్‌కు మాత్రం మంచి నూనె వద్దా?"

మరుసటి రోజు నానా తంటాలు పడి కలిపిన ఆయిల్‌కు ఆయనను ఒప్పించాను. అంతలో అరుగు మీద కూర్చున్న అమ్మ అందుకుంది. "అంగడాయప్ప ఊరికే చెప్తాడా? ఎండకు దారిలో ఇంజన్ పట్టేస్తే యాడ నిలబడేది?" సరే, సింథటికే పోద్దామని బానెట్ ఎత్తితే, "మీ నాయన చేత్తో చూసినాడు కదప్పా, నీళ్ల మాదిరి ఉండాదని" అంది. నాయనకు మళ్లీ పౌరుషం పొడుచుకొచ్చింది. ప్రయాణం మళ్లీ ఆగింది. డాక్టర్ రమ్మన్న రోజు మీద పడుతోంది. నేను కాలు కాలిన పిల్లిలా ఇంట్లోకీ బయటికీ తిరుగుతున్నాను.

ఆ సాయంత్రం ఓపిక నశించి అమ్మ మీద విరుచుకుపడ్డాను. "ఆయిల్ గురించి నీకేం తెలుసమ్మా? ఒకసారి అదంటావు, ఒకసారి ఇదంటావు. అసలు నీకు పోవాలని ఉండాదా లేదా?"

అమ్మ చేటలో వేరుశనగ బుడ్డలు ఒలుస్తోంది. చేతులు ఆగిపోయాయి.

"లేదప్పా," అంది. "మొదటి కన్నూ ఆపరేషన్ చేయించినాకే కదా పోయింది. ఇదీ పోతే? ఇప్పుడు మసగ్గానైనా మీ మొగాలు కనపడతాండాయి. నాకు భయమైతాంది."

ఇన్నాళ్లూ మా కొట్లాట చల్లారకుండా ఆమె పుల్లలు ఎగదోసింది అందుకా!

అంతా వింటున్న నాయన లేచి వెళ్లి, తాను తిట్టిపోసిన సింథటిక్ డబ్బానే తెచ్చి నా చేతికిచ్చాడు. "పాతది దింపి ఇది పొయ్యి. తెల్లారి పోతాం," అన్నాడు. తర్వాత అమ్మ పక్కన కూర్చుని చేటలోంచి గుప్పెడు బుడ్డలు తీసుకున్నాడు. "భయం నాకూ ఉండాదిలే," అన్నాడు ఆమెతో.

తెల్లారి బయల్దేరాం. ఎప్పుడూ వెనక కూర్చునే అమ్మ ఆ రోజు ముందు సీటు అడిగింది. నాయన వెనక్కి పోయాడు. నా చెవులు ఇంజన్ చప్పుడు మీదే ఉన్నాయి. ఎప్పుడెప్పుడు చేరతామా అని యాక్సిలరేటర్ తొక్కుతూనే ఉన్నాను. సోమందేపల్లె దాటాక అమ్మ, కిటికీ నుంచి మొహం తిప్పకుండానే, నా మోచేయి పట్టుకుంది.

"నిదానంగా పోనీ అప్పా," అంది. "చూసుకోనీ."