దక్షిణపు వాకిలి

నెల్లూరులో మేం చాలా ఏళ్లు కాపురమున్న అపార్ట్‌మెంటును కూల్చేస్తున్నారని తెలిశాక, దాని ఫొటోలుంటే పంపమని మా పాత వాట్సాప్ గ్రూపులో అడిగాను. అడిగి తప్పు చేశాను. సాయంత్రానికి ఫోను నిండిపోయింది. ఓణీల ఫంక్షన్లు, పుట్టినరోజులు, వ్రతాలు, ఎవరిదో కొత్త స్కూటరు చక్రం కింద నిమ్మకాయ. అన్నిట్లోనూ మనుషులే. వెనక గోడ కనబడాల్సిన చోట షామియానా గుడ్డ. ఒకాయన తన మనవడి డాన్సు వీడియో పంపాడు. అది తీసింది హైదరాబాదులో. ఇదెందుకయ్యా అంటే, అందరూ చూస్తారని పంపానన్నాడు.

ఆ భవనాన్ని భవనంగా చూసి ఎవరూ ఒక్క ఫొటో తీయలేదు. తీయనివాళ్లలో నేనే మొదటివాణ్ణి. కృష్ణపట్నం పోర్టులో సరుకు ఎక్కించే కంపెనీలో ఉద్యోగం చేశాను. ప్రతి లారీని నాలుగు వైపులా ఫొటో తీయిస్తే గాని గేటు దాటనిచ్చేవాణ్ణి కాదు. ఇంటికొచ్చి ఏ మెట్లెక్కి పైకి పోతున్నానో మాత్రం తలెత్తి చూసిన పాపాన పోలేదు.

అదేమంత మామూలు భవనం కాదు. మూడంతస్తులు. మద్రాసు ఇంజనీరు గీసిన ప్లానని గొప్పగా చెప్పుకునేవాళ్లం. ముందువైపు గోడ తిన్నగా కాకుండా పడవ ముక్కులాగా గుండ్రంగా తిరిగేది. తలవాకిలికి రెండు రెక్కల టేకు తలుపు, ఇత్తడి పిడులు. తలుపు దాటితే పెద్ద హాలు. అది ఏ ఒక్కరిదీ కాదు, అందరిదీ. హాలు చివర నుంచి మెట్లు వంపు తిరుగుతూ పైకి పోయేవి. తలుపు తీసి పెడితే పగలు లైటు వేసే పని ఉండేది కాదు. మధ్యాహ్నం పూట ఆడవాళ్లు అక్కడ చేరి చింతపండు ఒలుచుకుంటూ, పూలు కట్టుకుంటూ కూర్చునేవాళ్లు. పెళ్లిచూపులకు వచ్చేవాళ్లు ఆ హాల్లో అడుగు పెట్టగానే కాస్త గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లు. ఆ సంగతి మాకు బాగా నచ్చేది.

ఆ తలవాకిలి దక్షిణానికి ఉంది. దాని పాలిట అదే శాపమైంది.

నేను అసోసియేషన్ సెక్రటరీగా ఉన్న రోజుల్లో భవనంలో వరసగా కొన్ని చెడ్డలు జరిగాయి. ఒకరి బట్టల షాపు మూతపడింది. ఒకరికి పచ్చకామెర్లు. ఒకరి అబ్బాయి బైకు మీద నుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఏ అపార్ట్‌మెంటులోనైనా జరిగేవే. కానీ అదే ఏడు నాకు రావాల్సిన ప్రమోషను నా కింద పనిచేసినవాడికి వచ్చింది. నేను వాస్తు సిద్ధాంతిని పిలిపించాను. మీటింగులో మాత్రం ప్రమోషను మాట ఎత్తలేదు. పిల్లల క్షేమం అన్నాను. సిద్ధాంతి దక్షిణపు వాకిలి మూసేసి తూర్పున సందులోకి వాకిలి తీయమన్నాడు. రెండో అంతస్తు అక్క ఒక్కతే ఒప్పుకోలేదు. పిల్లల చదువుల కోసం చిట్టమూరు దగ్గర వరి పొలాలు కౌలుకిచ్చి వచ్చిన కుటుంబం వాళ్లది.

"సందులో నించి ఇంట్లోకొస్తే లక్ష్మీదేవి రాదబ్బయ్యా, పందులొస్తాయి," అంది. అందరూ నవ్వారు. నవ్వి, గోడ కట్టడానికి ఓటేశారు.

ఇక ఆ వాకిలికి ఇటుక గోడ లేచింది. హాలు చీకటైంది. చీకట్లో ఎవరు కూర్చుంటారు? మొదట సైకిళ్లు పెట్టారు, తర్వాత విరిగిన కుర్చీలు, ఆ తర్వాత ఎవరివో తెలియని గోతాలు. మరో సంగతి మాలో ఎవరికీ తట్టలేదు. కడిగిన నీళ్లు వాకిట్లోకి పోవాలని హాలు గచ్చును దక్షిణానికి వాలుగా వేశారు. కొత్త వాకిలి ఉన్న సందేమో రోడ్డు కన్నా పల్లం. తుపాను వానలకు నీళ్లు సందులోంచి లోపలికి వచ్చి, పోయే దారి లేక, గోడకు ఆనుకుని నిలిచిపోయేవి. తోడి పోసేవాళ్లం. మళ్లీ వచ్చేవి. స్తంభాలు చెమ్మెక్కాయి. పెచ్చులు రాలాయి. బాగు చేయించాలంటే కింది వాళ్లు పైవాళ్లను చూశారు, పైవాళ్లు కింది వాళ్లను చూశారు. హాల్లో కూర్చునే అలవాటు పోయాక ఒకరితో ఒకరికి మాటలు కూడా తగ్గిపోయాయి గనక, ఆ చూపులే మిగిలాయి. ఒక్కొక్కరే వెళ్లిపోయారు. మేమూ వెళ్లిపోయాం.

ఇప్పుడు బిల్డరు చేతికి పోతోంది. నేను లోపలికి పోయి ఉన్నదంతా ఫొటోలు తీసి, కొలతలు రాసి, ఒక చిన్న పుస్తకంలా చేసి అందరికీ పంచాలనుకున్నాను. గ్రూపులో ఆ మాట రాస్తే, దండం పెట్టిన బొమ్మలు చాలా వచ్చాయి. మనిషి ఒక్కడూ రాలేదు. అక్క మాత్రం ఫోను చేసింది. ఆమె ఇప్పుడు వెంకటాచలంలో ఇల్లు కట్టుకుని ఉంది.

"మిగతాయి నీ ఇష్టం. నాకా హాలు కావాల. గచ్చు కనబడాల. ఫ్రేము కట్టించుకుంటా," అంది.

"గచ్చెందుకక్కా?"

"మా ఊళ్లో నాకు అరుగుండె. ఇక్కడికొచ్చినాక అదే నా అరుగు. నువ్వు మూయించినావు. ఫొటో అన్నా ఇయ్యి."

సరేనన్నాను. పోయి చూస్తే హాలు నిండా మట్టి. ఏళ్ల తరబడి వాన తెచ్చి పోసిన ఒండ్రు ఎండి, పగుళ్లు తేలి, గచ్చు మీద చాపలా పరుచుకుని ఉంది. లైటు తగిలిస్తే మట్టే మెరిసింది. కాలితో గీస్తే ఊడలేదు. నీళ్లు పోసి నానబెట్టి కడగాలి. కడిగిన నీళ్లు పోవాలంటే గచ్చు వాలు ఎటుందో అటే పోవాలి. అటు నేను కట్టించిన గోడ ఉంది. అంటే గోడ తీస్తే తప్ప గచ్చు బయటపడదు. వెలుతురూ అంతే.

కూల్చబోయే భవనంలో ఒక గోడ ముందుగా కూల్చడానికి ఎవరికి అభ్యంతరం ఉంటుంది? బిల్డరుకు లేదు. మా వాళ్లకు ఉంది. కింది అంతస్తులో ఉండిన, రొయ్యల గుంటలు సాగు చేసే అన్న వెంటనే ఫోను చేశాడు.

"ఆ గోడ జోలికి పోబాక."

"ఎందుకన్నా? పైనెల ఎట్టాగూ కూల్చేస్తారు గదా."

"పైనెల కదా. రిజిస్ట్రేషను ఇంకా కాలా. అందాకా మా భాగం మా పేర్నే ఉండాది. దక్షిణం తెరిస్తే ఎవురికి తగలతాది? బిల్డరుకు తగలతాదా? మాకే."

"అందులో ఎవరూ కాపురం లేరన్నా. పావురాలున్నాయి."

"నీకు ఎగతాళిగా ఉండాది. మొన్న గుంటల్లో తెల్లమచ్చ తెగులొచ్చి సగం రొయ్య తేలిపోయినాది. మిగతా సగం నువ్వు కాపాడతావా?"

"ఆ తెగులొచ్చినప్పుడు గోడ ఉంది గదన్నా."

"గోడ ఉంది గాబట్టే సగంతో పోయింది," అన్నాడు.

నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఆ గోడకే. కానీ అతని మీద కోపం ఎక్కువసేపు నిలవలేదు. అతనికి ఆ మాటలు నేర్పింది నేనే. దక్షిణపు వాకిలి వల్ల ఎవరికేం జరిగిందో వివరంగా, లెక్చరులాగా, ఆ హాల్లోనే నిలబడి చెప్పినవాణ్ణి నేను. అప్పుడు అతను వెనక వరసలో నిలబడి, నాకీ వాస్తులూ గీస్తులూ తెలియవు, మీరెట్టా అంటే అట్టా అన్నాడు.

రోజూ ఫోన్లు. ఒకరు తమ ఊరి పూజారిని అడగాలన్నారు. ఒకరు కార్తీకం పోనివ్వమన్నారు. అప్పటికి భవనమే ఉండదంటే, అయితే మంచిదే కదా అన్నారు. చివరికి విసిగిపోయి, సెక్రటరీగా పనికొచ్చిన తెలివినే మళ్లీ బయటికి తీశాను.

"అన్నా, వాకిలి తీయొద్దు. కిటికీ తీద్దాం," అన్నాను.

"కిటికీనా?"

"కింద గోడ అట్లాగే ఉంటుంది. నడుం ఎత్తు నుంచి పైకి తీస్తాం. అది ద్వారం కాదు గదా."

అన్న అదే సిద్ధాంతికి ఫోను చేశాడు. సిద్ధాంతి దక్షిణపు కిటికీకి దోషం లేదన్నాడట. అన్న సంతోషించాడు. గ్రూపులో మళ్లీ దండాలు వచ్చాయి. నేనూ ఏదో సాధించినట్టు ఆ పూట అన్నం బాగా తిన్నాను. కిటికీలోంచి నీళ్లు బయటికి పోవని నాకు తెలుసు. అక్కడికి పోయాక బేల్దారి మేస్త్రీతో కింది ఇటుకలు కూడా తీయించేద్దాం, అన్న వచ్చి చూస్తాడా ఏంటి, అనుకున్నాను.

ఆ రోజు అక్క వెంకటాచలం నుంచి బస్సులో వచ్చింది. చేతిలో రెండు కొబ్బరి చీపుర్లు, కొత్త ప్లాస్టిక్ బక్కెట్టు.

"నీ బక్కెట్లు నమ్మలేను. అన్నీ ఓటియ్యే ఉంటాయి," అంది.

బేల్దారి గడ్డపారతో పై వరసల నుంచి మొదలుపెట్టాడు. కొంతసేపటికి ఒక ఇటుక అవతలికి పడింది. వెలుతురు లోపలికి వచ్చింది. ముందు మెట్ల పైవంపు కనిపించింది, తర్వాత మెట్ల పక్కన చేత్తో పట్టుకునే టేకు చెక్క పట్టీ. అంత అందమైన వస్తువు మీదే రోజూ చెయ్యి వేసి నడిచానా అనిపించింది. గబగబా ఫొటోలు తీశాను. అక్క మెట్ల దగ్గర చీపురు పట్టుకుని నిలబడి ఉంది.

నడుం ఎత్తుకు రాగానే బేల్దారి ఆగాడు. "కిందవి గూడా తీసేమంటారా సార్?"

తీసెయ్ అనాలి. అనడానికే వచ్చాను. అన్న లేడు, సిద్ధాంతి లేడు. గోడ తీయడానికి కావాల్సింది నా మాట ఒక్కటే. కానీ తరువాతి వారం మద్రాసులో మా ఆవిడకు మోకాలి ఆపరేషను. పొద్దున బయల్దేరేటప్పుడు ఆమె మంచం మీద కాళ్లు చాపుకుని నాకు టాటా చెప్పిన తీరు కళ్లముందు కదిలింది. ఏమన్నా అయితే? కాదు, ఏమీ కాదు. తెలుసు.

"వద్దులే. చాలు," అన్నాను.

అక్క నా వైపు చూసింది. "ఏందబ్బయ్యా?"

"మా ఆవిడకు మోకాలి ఆపరేషనుందక్కా. అది అయిపోనీ."

"అది అయ్యేలోగా ఇది ఉంటాదా?"

నేను కెమెరా తుడుచుకుంటూ నిలబడ్డాను. తుడవడానికి దాని మీద ఏమీ లేదు. మా ఆవిడ మాట వినగానే ఆమె ఇంకేమీ అనదని నాకు తెలుసు. అది తెలిసే ఆ మాట అన్నాను. ఆమె చీపుర్లు బక్కెట్లో పెట్టుకుంది.

"సరే. ఆమె కాళ్లు బాగుండనీ," అని సందువైపు వాకిలి లోంచి వెళ్లిపోయింది. బస్టాండు దాకా దింపుతానంటే, ఆటోలున్నాయంది.

ఆపరేషను బాగానే జరిగింది. ఆ డాక్టరు రోజూ చేసే ఆపరేషనే. ఆసుపత్రికి చూడడానికి వచ్చిన అన్న, యాపిల్ పండ్ల సంచి మంచం మీద పెట్టి, "చూసినావా, గోడ గమ్మునుండనిచ్చినావు, అంతా మంచే జరిగినాది," అన్నాడు. నేను మద్రాసులో ఉండగానే రిజిస్ట్రేషను అయింది. పొక్లెయిన్ వచ్చింది. తిరిగొచ్చేసరికి ఆ స్థలంలో ఇటుక ముక్కలను ట్రాక్టరుకు ఎత్తుతున్నారు. మెట్లు లేవు, గోడ లేదు. గచ్చును మట్టితో సహా పెళ్లగించి ఎక్కడికో తోలేశారు.

ఇది రాయడానికి కూర్చున్నాక ఆ గచ్చు రంగు రాద్దామనుకున్నాను. నాకు గుర్తు లేదు. మా ఆవిడను అడిగితే ఆకుపచ్చ అంది. లేత ఆకుపచ్చ, అక్కడక్కడా తెల్ల చుక్కలని కచ్చితంగా చెప్పింది. అక్కకు ఫోను చేశాను.

"కందిపప్పు రంగు. అంచుకు నల్ల పట్టీ," అంది.

"మా ఆవిడ ఆకుపచ్చ అంటోంది."

"ఆమెను బాగా కోలుకోనీ. మందులేసుకుంటా ఉంటే అట్టానే ఉంటాది."

"సరిగ్గా గుర్తుందా అక్కా?"

"అబ్బయ్యా, గుర్తు పెట్టుకోవాల్సిన పని లేకుండా చేసేదానికే గదా నేను చీపుర్లు మోసుకొచ్చింది. ఇప్పుడు అడగతా ఉండావు. నీకేది నచ్చితే అది రాసుకో. నేను మాత్రం కందిపప్పు మీదే కూర్చున్నా."

నేను కందిపప్పు రంగు అని రాశాను. పక్కనే మా ఆవిడ మాట కూడా రాశాను. ఈ రెంటిలో ఏది నిజమో చెప్పలేకపోవడానికి కారణం గోడ కింద మిగిలిన నడుం ఎత్తు ఇటుకలు, వాటిని తీయొద్దన్నది నేను. అది కూడా రాశాను. అక్కకు ఇయ్యడానికి నా దగ్గర మెట్ల ఫొటో మాత్రం ఉంది. పంపనా అని అడిగితే, మెట్ల మీద ఎవరు కూర్చుంటారు, నడవడానికే గదా అవి, నీ దగ్గరే ఉంచుకో అంది.